పార్కిన్సన్స్ వ్యాధి తొలిదశ: మాటలో, నడకలో వచ్చే ఇబ్బందులు

6.1 ఉపోద్ఘాతం

నాడీకణాలు ఒకదానితో ఒకటి ఎలా సంభాషించుకుంటాయో, ఆ పనిలో రసాయన వాహకాల పాత్ర ఏమిటో కిందటి భాగంలో చదివారు. ఆ వ్యవస్థలో ఒక చిన్న ప్రాంతం దెబ్బతింటే మనిషి మాట, నడక ఎలా మారిపోతాయో ఈ భాగంలో తెలుసుకుంటారు. అందుకు పార్కిన్సన్స్ వ్యాధి తొలిదశను ఉదాహరణగా తీసుకున్నాం. ఈ భాగం చదివిన తరవాత ఆ మార్పులకు కారణం వివరించడం ఒక్కటే కాదు, మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి మార్పు కనిపిస్తే దాన్ని గుర్తుపట్టడం కూడా మీకు సాధ్యం కావాలి.

పార్కిన్సన్స్ అనగానే చాలామందికి వణికే చెయ్యి గుర్తుకొస్తుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని మొదటిసారి సమగ్రంగా వర్ణించిన చిన్న పుస్తకం పేరులోనే వణుకు ఉంది. మన ప్రాంతంలో దీన్ని కంపవాతం అనడమూ అందుకే. కానీ వ్యాధి ఉన్న ప్రతి పదిమందిలో ఇద్దరు ముగ్గురికి తొలిరోజుల్లో వణుకు అసలు ఉండకపోవచ్చు. పార్కిన్సన్ వర్ణించినది ఆరుగురిని. వారిలో కొందరు ఆయన దగ్గరకు వైద్యానికి వచ్చినవారు కారు, వీధిలో తారసపడినవారు. ముందుకు వంగిన నడుము, నడక కాస్తా పరుగులోకి జారిపోవడం ఆయన కంటితో చూసి రాసుకున్నారు. యంత్రాలేవీ లేని ఆ కాలంలో ఇది వీధిలో నిలబడి చూసి గుర్తించగలిగిన వ్యాధి. ఇప్పటికీ దీని నిర్ధారణ ప్రధానంగా వైద్యుని పరిశీలన మీదే ఆధారపడుతుంది. సాధారణ రక్తపరీక్షలో ఇది తేలదు. ఎం.ఆర్.ఐ. తీసేది కూడా ఎక్కువగా వేరే జబ్బులు లేవని నిర్ధారించుకోవడానికే.

6.2 మెదడులో జరిగే మార్పు

మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే ప్రాంతం ఉంది. లాటిన్‌లో ఆ మాటకు నల్లని పదార్థం అని అర్థం. అక్కడి కణాలలో ఉండే వర్ణకం వల్ల అది నల్లగా కనిపిస్తుంది. ఆ కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, మెదడు లోపలి భాగంలో ఉన్న బేసల్ గాంగ్లియా అనే కణసముదాయాలకు అందిస్తాయి. పార్కిన్సన్స్ వ్యాధిలో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. బయటికి కదలికల లక్షణాలు కనబడే నాటికి దాదాపు సగం కణాలు పోయి ఉంటాయని అంచనా. అంటే మనం తొలిదశ అంటున్నది మెదడు దృష్టిలో అంత తొలిదశ కాదు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, కలలో అరుస్తూ చేతులు కాళ్ళు విసరడం వంటివి కొందరిలో కదలికల లక్షణాలకు కొన్నేళ్ళ ముందే మొదలవుతాయి.

బేసల్ గాంగ్లియా చేసే పని ఏమిటి? మీరు సైకిల్ నేర్చుకున్న రోజుల్ని గుర్తుచేసుకోండి. మొదట్లో పెడల్, హ్యాండిల్, బ్రేకు ప్రతిదాని మీదా మనసు పెట్టాలి. అలవాటయ్యాక పక్కవాడితో కబుర్లు చెబుతూ తొక్కేస్తారు. అలా బాగా అలవాటైన కదలికలను మన ప్రమేయం లేకుండా నడిపించడంలోను, ఆ కదలిక ఎంత పెద్దగా, ఎంత వేగంగా ఉండాలో సరిచూడడంలోను బేసల్ గాంగ్లియాది ముఖ్యపాత్ర. డోపమిన్ తగ్గినప్పుడు కండరాల బలం పోదు, పక్షవాతంలాగా చెయ్యి పడిపోదు. కదలిక కొలత తగ్గిపోతుంది, దాన్ని ఆరంభించడం కష్టమవుతుంది. అడుగు చిన్నదవుతుంది, గొంతు చిన్నదవుతుంది, చేతిరాత పంక్తి చివరికి వచ్చేసరికి చీమల బారులా సన్నబడుతుంది. విడివిడిగా కనిపించే ఈ మూడు లక్షణాల వెనకా ఉన్నది ఒకే లోపం. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే మిగిలిన భాగమంతా మీకు సులభంగా అర్థమవుతుంది.

6.3 మాటలో వచ్చే మార్పులు

మాట్లాడడం మనకు చాలా తేలికైన పనిలా అనిపిస్తుంది కానీ, ఊపిరితిత్తుల నుంచి గాలి, స్వరపేటికలో స్వరతంత్రుల కదలిక, నాలుక, పెదవులు, దవడ అన్నీ క్షణంలో వందోవంతు తేడా లేకుండా కలిసి పనిచేయాలి. పార్కిన్సన్స్‌లో వీటన్నింటి కదలికా కుదించుకుపోతుంది. గాలి తక్కువగా వస్తుంది, స్వరతంత్రులు పూర్తిగా దగ్గరకు చేరవు. ఫలితంగా గొంతు మెత్తబడుతుంది, కొందరిలో గాలి కలిసినట్టు, బొంగురుగా వినిపిస్తుంది. ప, ట, క వంటి స్పర్శాక్షరాలకు నోటిలో ఎక్కడో ఒకచోట గాలి పూర్తిగా ఆగాలి. నాలుక, పెదవి అంత గట్టిగా ఆనకపోవడంతో ఆ అక్షరాలు అరిగిపోయినట్టు పలుకుతాయి. స్వరంలో హెచ్చుతగ్గులు తగ్గి, మాట ఒకే శ్రుతిలో సాగుతుంది. వ్యాధి సాగే కొద్దీ పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి ఏదో ఒక స్థాయిలో ఈ ఇబ్బంది వస్తుంది. తొలిదశలో ఎక్కువగా కనిపించేది గొంతు మెత్తబడడమే.

మన భాష విషయంలో ఒక సంగతి ఆలోచించదగ్గది. పార్కిన్సన్స్ ఉన్నవారి గొంతు వాక్యం మొదట్లో బాగానే ఉండి, ఊపిరి అయిపోయే కొద్దీ సన్నగిల్లుతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కాదు, లేదు అనేది చివర వస్తుంది. ప్రశ్న కూడా చివరి అచ్చులోనే ఉంటుంది. "రేపు ఊరికి వెళ్తాను", "రేపు ఊరికి వెళ్ళను", "రేపు ఊరికి వెళ్ళనా" అనే మూడు వాక్యాలను చివరి పదం మింగేసి పలికి చూడండి. వినేవారికి రేపు, ఊరు మాత్రమే మిగులుతాయి. ఆ మనిషి వెళ్తానన్నాడో, వెళ్ళనన్నాడో, అనుమతి అడుగుతున్నాడో తెలియదు. ఇంట్లో సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

మిగతా సగానికి కారణం ఇంకా లోతైనది. 60 ఏళ్ళ భర్త, ఆయన భార్య మధ్య ఇలాంటి సంభాషణను ఊహించండి.

"ఏమండీ, కాస్త గట్టిగా చెప్పండి. నోట్లోనే గొణుక్కుంటున్నారు."

"గట్టిగానే చెబుతున్నాను కదా! నీకే చెవులు వినపడటం లేదు. ఆ డాక్టరుకేదో చూపించుకో."

ఇది మొండితనం కాదు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో కొలుచుకునే వ్యవస్థే ఆయనలో తప్పుగా పనిచేస్తోంది. తాను మామూలుగా మాట్లాడుతున్నానని ఆయన నిజంగానే అనుకుంటాడు. గట్టిగా మాట్లాడమంటే, అరుస్తున్నట్టు అనిపించి సిగ్గుపడతాడు. మీరు ఆయన మాటను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే తరచుగా ఆశ్చర్యపోతాడు. కొలతలో చూస్తే తేడా పెద్దగా ఏమీ ఉండదు, సగటున 2 నుంచి 4 డెసిబెల్‌లు. కానీ డెసిబెల్ కొలమానంలో 3 తగ్గితే ధ్వనిశక్తి సగమైనట్టు. ఫ్యాను, టీవీ, బయట ఆటోల రొద ఉన్న ఇంట్లో ఆ సగం చాలు, మాట అందకుండా పోవడానికి. భార్య వినికిడి పరీక్ష చేయించుకుని రావడం, అందులో లోపమేమీ లేదని తేలడం, ఆ తరవాతనే అసలు సమస్య భర్త గొంతులో ఉందని గ్రహించడం అరుదేమీ కాదు.

దీనికి ముఖం కూడా తోడవుతుంది. కనుబొమలు, పెదవుల కదలిక తగ్గి, కళ్ళు ఆర్పడం తగ్గి, ముఖం మాస్కు వేసినట్టుగా అవుతుంది. మాటలో ఎగుడుదిగుడులు లేవు, ముఖంలో భావం లేదు. మనవరాలు పరీక్షలో ఫస్టు వచ్చిందని చెబితే తాతయ్య "మంచిదమ్మా" అని సమానమైన గొంతుతో అంటాడు. ఆయనకు సంతోషం కలగలేదని ఆ పిల్ల అనుకుంటుంది. ఆయనకు సంతోషం కలిగింది, దాన్ని బయటికి మోసుకెళ్ళే కండరాలే కదల్లేదు. కాలక్రమంలో నలుగురిలో మాట్లాడితే "ఆఁ? ఏమిటీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగించుకోవలసి వస్తుందని ఆయన మాట్లాడడమే తగ్గించుకుంటాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తాడు. ఇంట్లోవాళ్ళు "వయసు మీదపడింది, ముభావంగా ఉంటున్నారు" అని సరిపెట్టుకుంటారు. ఈ వ్యాధిలో నిజమైన దిగులు జబ్బు కూడా తరచుగా వస్తుంది కాబట్టి, ఏది ముఖకండరాల వల్ల, ఏది మనసు వల్ల అన్నది వైద్యుడే అడిగి తేల్చాలి.

మాటకు వాడే కండరాలే మింగడానికీ పనికొస్తాయి. భోజనం మధ్యలో పదే పదే పొలమారడం, మాత్ర గొంతులో ఆగినట్టుండడం, నీళ్ళు తాగగానే దగ్గు రావడం గమనిస్తే వాటిని వైద్యునికి తప్పక చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. పార్కిన్సన్స్‌లో అడుగు, గొంతు, చేతిరాత మూడూ చిన్నవి కావడానికి ఉమ్మడి కారణం ఏమిటి?
2. తన గొంతు తగ్గిందని రోగికి ఎందుకు తెలియదు?

6.4 నడకలో వచ్చే మార్పులు

నడక మార్పు సాధారణంగా కాళ్ళలో కాక చేతిలో మొదట కనిపిస్తుంది. నడిచేటప్పుడు మన చేతులు వాటంతట అవే ఊగుతాయి. పార్కిన్సన్స్ ఒక పక్క నుంచి మొదలయ్యే వ్యాధి కాబట్టి ఒక చెయ్యి ఊగుతూ, రెండోది మోచేతి దగ్గర కొద్దిగా వంగి ఒంటికి అంటుకుని ఉంటుంది. అదే పక్క భుజం పట్టేసినట్టు నొప్పి ఉండడం వల్ల కొందరు భుజానికే నెలల తరబడి మందులు వాడుతూ ఉంటారు. ఆ పక్క కాలు కాస్త ఈడుస్తుంది. ఇంట్లోవాళ్ళ చెవికి ఇది ముందు చేరుతుంది: ఒక చెప్పు టప్‌మని, రెండోది సర్రుమని.

తరవాత అడుగు పొడవు తగ్గుతుంది. ఇక్కడ పరిశోధకులు గుర్తించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. నిమిషానికి ఎన్ని అడుగులు వేయాలనే లయ దాదాపు సరిగానే ఉంటుంది, అడుగు పొడవే కుదించుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి చిన్న అడుగులు ఎక్కువ వేస్తారు. ముందుకు వంగిన శరీరాన్ని అందుకోవడానికి కాళ్ళు పరుగెత్తుతున్నట్టు ఉండే స్థితి ఇంకా ముదిరాక వస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు మనం మెడ, నడుము, పాదం వరసగా తిప్పుతాం. వీరు శరీరమంతా ఒకే దిమ్మెలా, నాలుగైదు చిన్న అడుగులు వేసి తిరుగుతారు. సన్నని వంటింట్లో, స్నానాలగదిలో తూలిపోయేది ఎక్కువగా ఇలాంటప్పుడే.

కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు హఠాత్తుగా ఆగిపోవడం కూడా ఉంది. తొలిదశలో ఇది తక్కువ. వచ్చినప్పుడు గడప దాటబోయేటప్పుడో, రద్దీలోనో, లిఫ్టు తలుపు మూసుకుంటుందేమోనన్న ఆత్రుతలోనో వస్తుంది. పక్కనున్నవారు చెయ్యి పట్టి లాగడం సహజంగా చేసే పని. అదే ప్రమాదకరమైన పని కూడా, ఎందుకంటే ఒళ్ళు ముందుకు వస్తుంది, పాదాలు రావు. ఆగి, నిటారుగా నిలబడి, బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చి, ఆపైన ఒక పెద్ద అడుగు వెయ్యమనడం మేలు.

ఇప్పుడు విచిత్రంగా కనిపించే ఒక విషయం. చదునైన నేల మీద తడబడే మనిషి మెట్లు చక్కగా ఎక్కుతాడు. నేల మీద అడ్డంగా గీతలు గీస్తే వాటిని దాటుతూ మామూలుగా నడుస్తాడు. గీతలు చెరిపేస్తే మళ్ళీ కుంచించుకుపోతాడు. చూసినవాళ్ళు "కావాలనుకుంటే నడవగలడు, నాటకాలాడుతున్నాడు" అంటారు. ఆ మాట ఎంత అన్యాయమో 6.2లో చదివినదాన్ని బట్టి మీరే చెప్పగలరు. గీత కనబడినప్పుడు నడక స్వయంచాలిత వ్యవస్థ చేతిలో నుంచి దృష్టి, శ్రద్ధల ఆధారంగా పనిచేసే వేరే నాడీమార్గాల చేతిలోకి వెళుతుంది. ఆ మార్గాలు బాగానే ఉన్నాయి. మెట్టు అంచు కూడా అలాంటి గీతే. తాండూరు బండలో, కడప బండలో పరిచిన పాత ఇళ్ళలో బండల మధ్య అతుకులు ఈ పనికి చక్కగా ఉపయోగపడతాయి. ఒకే రంగు టైల్స్ నున్నగా పరిచిన కొత్త ఇళ్ళలో ఆ సాయం ఉండదు. అక్కడ రంగు టేపు ముక్కలు అడ్డంగా అతికించుకోవాలి.

శ్రద్ధతో నడుస్తున్నారంటే ఆ శ్రద్ధను ఇంకోదానికి ఇవ్వలేరని కూడా అర్థం. చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని, ఫోనులో మాట్లాడుతూ నడవమంటే అడుగు చిన్నదవుతుంది, గొంతు కూడా పడిపోతుంది. నడుస్తున్నవారిని వెనక నుంచి పిలిచి కబుర్లు పెట్టకండి. ఆగాక మాట్లాడండి.

6.5 అన్నీ పార్కిన్సన్స్ కాదు

మాట మెత్తబడిందని, నడక నెమ్మదించిందని మాత్రమే ఈ వ్యాధి ఉందని తేల్చకూడదు. కదలికలు నెమ్మదించి, కొద్దికొద్దిగా చిన్నవవుతూ ఉండాలి. దానితోబాటు విశ్రాంతిలో ఉన్నప్పుడు వణుకుగానీ, కండరాల బిగువుగానీ ఉండాలి. వైద్యులు బొటనవేలు, చూపుడువేలు పదే పదే తాటించమని అడిగేది ఇందుకే. మోకాళ్ళ అరుగుదల, మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గడం, థైరాయిడ్ లోపం వంటివి కూడా నడకను, గొంతును మార్చగలవు.

మందుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తల తిరుగుడుకు వాడే సిన్నరిజిన్, పార్శ్వనొప్పికి వాడే ఫ్లూనరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ వంటివి డోపమిన్ పనిని అడ్డుకుని అచ్చం ఈ లక్షణాలనే తెస్తాయి. ఎప్పుడో రాసిన చీటీతో మందుల షాపులో కొనుక్కుని ఏళ్ళ తరబడి తల తిరుగుడు మాత్రలు వాడేవారు మన ఊళ్ళలో ఉన్నారు. వైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు వాడే మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళడం మంచిది. వైద్యుడు అలాంటి మందు ఆపిస్తే చాలామందిలో లక్షణాలు కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతాయి. అయితే సొంతంగా ఆపడం సరికాదు.

మొదటి ఏడాదిలోనే తరచుగా వెనక్కి పడిపోతూ ఉంటే పార్కిన్సన్స్‌ను పోలిన వేరే వ్యాధిని అనుమానించాలి. ఇక, మాట హఠాత్తుగా ముద్దగా అయిపోయి, మూతి వంకరపోయి, ఒక పక్క చెయ్యి పడిపోతే అది పక్షవాతం. అప్పుడు ఈ పాఠం అక్కర్లేదు, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షను ఇవ్వడానికి ఉండే వ్యవధి సాధారణంగా నాలుగున్నర గంటలే.

6.6 చికిత్స, సాధన

1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ ఇవ్వడంతో కదలిక లేకుండా పడిపోయిన కుందేళ్ళకు లెవోడోపా ఇచ్చి తిరిగి కదిలేలా చేశాడు. డోపమిన్ మీద చేసిన కృషికి 2000లో ఆయనకు నోబెల్ బహుమతి పంచుకునే గౌరవం దక్కింది. డోపమిన్ నేరుగా రక్తం నుంచి మెదడులోకి వెళ్ళలేదు, లెవోడోపా వెళ్ళి అక్కడ డోపమిన్‌గా మారుతుంది. 1960ల చివరి నుంచి నేటి వరకు ఇదే ప్రధానమైన మందు. మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో కూడా లెవోడోపా ఉంది. మద్రాసులో పనిచేసిన దామోదరన్, రామస్వామి 1937లోనే దాన్ని ఆ గింజల నుంచి వేరుచేశారు. అలాగని మాత్రలతోపాటు దూలగొండి పొడి కూడా కలిపి తీసుకుంటే మోతాదు ఎంతయిందో వైద్యునికీ తెలియదు, రోగికీ తెలియదు.

లెవోడోపాను భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. పప్పు, గుడ్డు, మాంసం, పెరుగులోని మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు పేగులోను, మెదడు వాకిట్లోను దానితో పోటీపడతాయి. పప్పు మానెయ్యమని కాదు, వేళలు ఎడంగా ఉంచమని. తొలిదశలో నడక, బిగువు ఈ మందుకు బాగా లొంగుతాయి. మాట అంతగా లొంగదు. మందుతో నడక బాగుపడింది కదా, గొంతు కూడా అదే వస్తుందిలే అని ఎదురుచూడడం వల్ల మాటకు విలువైన కాలం వృథా అవుతుంది.

గొంతుకు సాధన కావాలి. 1980లలో అమెరికాలో లొరేన్ రామిగ్, ఆమె సహచరులు రూపొందించిన పద్ధతిలో వాక్ చికిత్సకులు వారానికి 4 రోజుల చొప్పున 4 వారాలు, రోజుకు గంటసేపు శిక్షణ ఇస్తారు. అందులో సూచన ఒక్కటే: గట్టిగా. నాలుక ఇలా పెట్టు, పెదవి అలా పెట్టు అని పది సూచనలు ఇవ్వరు. దీర్ఘంగా "ఆ" అనడం, రోజూ వాడే పది వాక్యాలు పెద్దగా పలకడం, చదవడం. గొంతు పెంచితే ఊపిరి, నాలుక, ముఖం కూడా దానితోపాటు పెద్దగా కదులుతాయి. అన్నింటికంటే ముఖ్యంగా, తనకు అరుపులా అనిపించేదే ఇతరులకు మామూలు మాట అని రోగి చెవికి కొత్త కొలత అలవాటవుతుంది. రోజూ పద్యమో పేపరో బిగ్గరగా చదివే అలవాటున్నవారు దీనికి త్వరగా అలవాటుపడతారని నా అభిప్రాయం.

నడకకు కూడా ఇలాంటి ఒకే సూచన పనిచేస్తుంది: పెద్ద అడుగు, మడమ ముందు. "త్వరగా రండి" అంటే అడుగులు ఇంకా చిన్నవై వేగం పెరుగుతుంది, "పెద్దగా వెయ్యండి" అంటే అడుగు సాగుతుంది. లెక్కపెట్టుకుంటూ నడవడం, తాళానికి నడవడం కొందరికి బాగా తోడ్పడతాయి. తిరిగేటప్పుడు ఉన్నచోట గిరుక్కున తిరగకుండా బండి మలుపు తిరిగినట్టు అర్ధచంద్రాకారంలో తిరగాలి. వెనక పట్టీ లేని చెప్పులు మానాలి. వ్యాయామం ఎంత తొందరగా, తొలిదశలోనే మొదలుపెడితే అంత ప్రయోజనం. ఎందుకంటే అప్పటికి బలం, తూకం రెండూ ఇంకా చేతిలో ఉంటాయి.

ఇంట్లోవారు చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. మాట్లాడే ముందు టీవీ కట్టెయ్యండి, ఎదురుగా కూర్చోండి. వాక్యం వారి తరపున మీరే పూర్తి చెయ్యకండి. "ఏంటీ?" అనడానికి బదులు మీకు వినిపించినంత తిరిగి చెప్పి, "ఊరికి అన్నావు నాన్నా, వెళ్తానన్నావా, వెళ్ళనన్నావా?" అని అడగండి. అప్పుడు ఆయన వాక్యమంతా మళ్ళీ మొదలుపెట్టనక్కర్లేదు, ఒక్క మాట చెబితే చాలు.

నమూనా పరీక్ష ప్రశ్నలు
1. చదునైన నేల మీద తడబడే వ్యక్తి మెట్లు సులభంగా ఎక్కడాన్ని బేసల్ గాంగ్లియా పని ఆధారంగా వివరించండి.
2. తెలుగు వాక్యనిర్మాణం దృష్ట్యా, మాట చివర గొంతు సన్నగిల్లడం వల్ల కలిగే నష్టాన్ని మీ సొంత ఉదాహరణలతో చర్చించండి.
3. తల తిరుగుడుకు 3 ఏళ్ళుగా మాత్రలు వాడుతున్న 65 ఏళ్ళ మహిళకు నడక నెమ్మదించింది. ఆమెను మీరు ఏయే ప్రశ్నలు అడుగుతారు? ఎందుకు?